ఒరిగిన ముందుపన్ను

టీ గ్లాసు పెదాలకు ఆనించగానే సంగప్ప చెంప పట్టుకున్నాడు.

పక్క బల్ల మీది ముసలాయన అతని నోటివైపే చూస్తున్నాడు. ఆయన గోళ్లనిండా తెల్లటి మరకలు.

"నొస్తుందా తమ్మీ?"

"ఏం లేదు."

"పండుకునేటప్పుడు పండ్లు తీసి నీళ్లల్ల పెడుతున్నవా?"

పటాన్‌చెరులో ఎస్టీడీ బూత్ పక్కనున్న ఆ టీకొట్టులో అందరూ ఇటు తిరిగారు. సంగప్పవి కట్టుడుపళ్లని అప్పటిదాకా ఒక్కరికీ తెలియదు.

"ఆకురాయి గిట్ల పెట్టినవా? పండ్ల సెట్టు వదులైంది. ఒక్కపారి తీసి ఇయ్యి, జెర సూస్త."

"నా నోటి ముచ్చట నీకెందుకు పెద్దమనిషీ? పిచ్చి లేసిందా?"

సగం టీ వదిలేసి వచ్చేశాడు. మర్నాడూ ముసలాయన అక్కడే ఉన్నాడు. సంగప్ప టీకొట్టే మార్చేశాడు.

నిజానికి ఆకురాయి పెట్టాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరు మరి! ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ నాలుగు రుద్దులు రుద్దడం ఒక్కటే తెలుసు.

పళ్లు తీసి పడుకోడు కూడా. భార్య పోయాక బీరంగూడ కిరాయి గదిలో ఒక్కడే. ఎవరైనా తలుపు కొడితే బోసినోటితో ఎట్లా తీయడం?

ఆరేళ్లలో ఎవరూ కొట్టలేదు.

నెల తిరిగేసరికి చిగురు పక్కన కండ పెరిగింది. రొట్టె నమలలేకపోయాడు. క్యాన్సరేమోనని భయపడ్డాడు. చెప్పుకుందామంటే మనిషి లేడు. చివరికి పళ్లు కట్టించుకున్న ఆస్పత్రికే వెళ్లాడు, ఆరేళ్ల తర్వాత.

డాక్టరు నరసింహమూర్తి సెట్టు తీయించి, లైటు వేసి చూశాడు.

"క్యాన్సర్‌లా లేదులెండి. వదులు సెట్టు రాపిడికి పెరిగిన కండ. కోసి పరీక్షకు పంపుదాం. రాత్రి కూడా పెట్టుకునే ఉంటారా? అంగిలంతా కందిపోయింది. నెల ముందు వచ్చుంటే సెట్టు సరిచేస్తే తగ్గేది."

"సెప్పినోడు ఉండె సార్. నేనే తిట్టిన."

డాక్టరు సెట్టు తిప్పి చూసి, ముందుపన్ను మీద వేలు పెట్టాడు.

"ఇది కొంచెం ఒరిగింది చూశారా? మా దగ్గర పళ్లు చేసిన ఓదెలు పని. కట్టుడుపళ్లని ఎవరూ గుర్తుపట్టకూడదని అట్లా పెట్టేవాడు. వెనక గదిలో అచ్చులతోనే పని, పేషెంట్ల మొహాలు చూసింది లేదు."

"గోళ్లల్ల తెల్లగ ఉంటదా సార్?"

"అవును, అచ్చులు పోసే పిండి. మీకెట్లా తెలుసు?"

సంగప్ప టీకొట్టు సంగతి చెప్పాడు.

"అయితే మీరేనా! ఓదెలు నెలంతా ఒకటే అడగడం. 'నా చేతి పండ్లు ఒకాయనను బాధపెడుతున్నయి సార్. పేరు తెల్వదు. ఆయన వచ్చిండా?' అని."

సంగప్ప కుర్చీలోంచి లేచాడు.

"యాడున్నడు సార్? ఒక్కపారి కలుస్త."

"మొన్న మంగళవారం చనిపోయాడు."

సెట్టు ఇంకా డాక్టరు చేతిలోనే ఉంది. బయట బల్లల మీది జనం చూస్తున్నా సంగప్ప బోసినోరు దాచుకోకుండా ఏడ్చాడు.

ఈ ఆరేళ్లలో అతని కోసం ఎదురుచూసిన ఒకే ఒక్క మనిషి, ఆ పళ్లు చేసిన ఓదెలే.