ఏడు నల్ల చారలు

“ఎవురు చేసినారీ పని?”

నాగప్ప అరుపుకి పక్కింటి మగ్గం కూడా టక్కున ఆగిపోయింది. అతని చేతిలో, ఆ పొద్దున్నే మగ్గం మీంచి కోసి మడతపెట్టిన పసుపు చీర ఉంది. దానికి ముదురు నీలం అడ్డచారలు ఉండాలి. మడత తీయగానే కనిపించిన చార మాత్రం నల్లగా ఉంది.

“నల్లద్దాలు పెట్టుకోని సూస్తే అన్నీ నల్లగానే ఉంటాయి. తీసి సూడప్పా!” వంటింట్లోంచి కేకేసింది భార్య హులిగమ్మ.

తీశాడు. ఆదోనిలో కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకొని ఎనిమిది రోజులైంది. ఇప్పుడు ఆ కంటికి గోడ మీద పాకే చీమ కూడా కనిపిస్తోంది. చార నల్లదే.

“ఆదోని తారాబాయమ్మ కొడుకు ఒడుగుకు కట్టుకునే చీర ఇది! నల్లచారలుంటే ఆయమ్మ ముట్టుకుంటాదా?”

“నల్లచారలా?” హులిగమ్మ పరుగున వచ్చింది. చీర వైపు కన్నెత్తి చూడనైనా లేదు, నేరుగా కోడలు జ్యోతి మీద పడింది. “నువ్వు మంచమ్మీద పండుకున్న్యాక మగ్గంలో కూసున్నది ఈ పిల్లే గదా! వొద్దప్పా, ఇంకా పని రాలేదంటే ఇన్న్యావా? నీలమేదో నలుపేదో తెలీనోళ్లకి మగ్గమిస్తే ఇంతే!”

జ్యోతి తల వంచుకుంది.

“రేపట్నుంచి మగ్గం జోలికి రావద్దు,” అన్నాడు నాగప్ప.

ఆ మాటకి జ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లు బతిమాలితే దొరికిన మగ్గం అది.

“సరే మామా. నా ముడి యాడుండాదో ఒక్కసారి సూడు. సాలు.”

ఒకరు నేస్తున్న చీరను మధ్యలో ఇంకొకరు అందుకుంటే, అందుకున్న చోట అంచుకు ఎర్రనూలు ముడి వేయడం ఆ ఇంటి అలవాటు. నాగప్ప చీరను మంచం మీద పరిచాడు. ముడి దొరికింది. దాని తర్వాత జ్యోతి నేసిన అయిదు చారలూ నీలం. దానికి ముందు, ఆపరేషన్‌కి పోకముందు తను నేసిన ఏడు చారలూ కాటుక నలుపు.

అతను మంచం పట్టె మీద కూలబడ్డాడు.

“ముందే సెప్పొచ్చు గదమ్మా?”

“కన్ను మానేదాకా మనసు కష్టపెట్టొద్దనుకున్న్యా మామా.”

నాగప్ప పకపకా నవ్వేశాడు.

“దొంగ నా కంట్లోనే ఉన్న్యాడే! పొర కమ్మినాక నీలమూ నలుపూ ఒకటే అయిపోయినాయి. కుడికంట్లోవాణ్ని డాక్టరు తీసి పారేసినాడు. ఎడమకంట్లోవాని పని వచ్చే నెల. తారాబాయమ్మ ఇంట్లో ఒడుగుకి ఇంకా ఇరవై దినాలుండాయి, పడుగులో ఇంకో చీరకు నూలుండాది. ఈసారి మొదట్నుంచీ నువ్వే నెయ్యి జ్యోతీ.”

జ్యోతి కళ్లు తుడుచుకొని మగ్గం గుంతలోకి దిగింది.

“నాకేం తెల్సు? ఇన్నేండ్లూ గుడ్డోనితో కాపురం చేస్తాండానని!” హులిగమ్మ మూతి తిప్పింది.

“గుడ్డోనికి అప్పుడు నూలు కండెలు చుట్టిచ్చింది నువ్వే గదా. తనవి తానే చుట్టుకున్న కోడలికీ ఇప్పుడు ఒక నీలం కండె చుట్టియ్యి. రాజీ పడండి ఇద్దరూ.”

హులిగమ్మ రాట్నం ముందు కూర్చుంది. పక్కనే రెండు నూలు కట్టలున్నాయి. చీరకు తెచ్చిన నీలం ఒకటి, తువ్వాళ్లకు తెచ్చిన నలుపు ఒకటి. తడుముకోకుండా ఒకటి లాగి, గిరగిరా చుట్టి, కండె తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

జ్యోతి కండెను చూసింది. మామకి అందించింది. నాగప్ప దాన్ని వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లి తిప్పి చూశాడు. బొగ్గులా ఉంది.

“ఏంది, ఇద్దరూ అట్ల సూస్తాండారు? నీలమే గదా?” అంది హులిగమ్మ.

“జ్యోతీ, మగ్గం మళ్లా సూద్దాం. ఆదోనికి ఆటో పిలువమ్మా,” అన్నాడు నాగప్ప. “అసలు దొంగ మీ అత్త కంట్లో ఉన్న్యాడు!”