సింహాద్రమ్మ బొంత

“ఆ పచ్చది తీసీండమ్మా. సగం సీర, పైగా జీడిమరక. దానికి గరిటె కూడా రాదు,” అన్నాడు స్టీలు సామాన్ల భీమన్న.

లోవలక్ష్మి పాతచీరల మూట మొత్తం వాడివైపు తోసింది. “గరిటె అడిగానేటి? ఊరికే ఒట్టుకుపో.”

భీమన్న ఆ చిలకపచ్చ ముక్కని వెలుతురులోకి ఎత్తాడు. కొంగు చివర నల్లగా నాలుగు వేళ్ళ మరక. ఎప్పుడో జీడిపిక్కలు ఒలుస్తూ మరిచిపోయి చెయ్యి తుడిచేసింది. ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు.

“గుడ్డ మాత్రం ఎన్నపూసమ్మా. అన్నీ ఇచ్చెత్తన్నారు, సత్యశ్రీ పాప పురిటికొత్తాదంట కదా, గుడ్డలొద్దా?”

“అది వస్తాదనే ఇచ్చేస్తున్నాను.”

అరుగు మీద పేపరు చదువుతున్న ఆమె మొగుడు కొండబాబు తలెత్తాడు. “ఆ సీరలేటి సేశాయే నిన్ను?”

లోవలక్ష్మి పచ్చముక్కని కూడా మూటలో కుక్కింది. మూటకి బదులుగా ఓ గిన్నె పెట్టి, ఈ గుడ్డలమ్ముకోడానికి బలిఘట్టం సందులు తిరగాలంటూ భీమన్న సైకిలెక్కాడు.

పుట్టిన బిడ్డని కొత్తబట్ట మీద పడుకోబెట్టరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబరిచిన చీరల్ని పొరలుగా వేసి చిన్న బొంత కుడతారు. కట్టిన మనిషి ఆయుష్షు బిడ్డకి వస్తుందని నమ్మకం. కూతురు సత్యశ్రీ మొదటి కాన్పుకి లోవలక్ష్మి ఆ చిలకపచ్చ చీరనే చింపి, మరక లేని సగంతో బొంత కుట్టింది. పురుడు వెళ్ళకుండానే బిడ్డ పోయాడు. నెలలు నిండకుండా పుట్టాడని డాక్టరు చెప్పాడు. వియ్యపురాలు మాత్రం ఒక్క మాట అడిగింది.

“ఎవరి చీరమ్మా పరిచారు?”

అప్పట్నుంచీ లోవలక్ష్మి దీపం పెట్టిన ప్రతిసారీ దేవుణ్ణి ఒకటే అడిగేది. నా చెయ్యేనా స్వామీ? దేవుడు ఏమీ చెప్పేవాడు కాదు. చెప్పనప్పుడు అవుననుకోవాలో కాదనుకోవాలో ఆమెకి తెలిసేది కాదు.

మర్నాడే బలిఘట్టం వెళ్ళింది. శివుడికి దణ్ణం పెట్టుకుని, అటునుంచటే సింహాద్రమ్మ ఇంటికి నడిచింది. సింహాద్రమ్మ మునిమనవల్ని ఎత్తుకున్న మనిషి. ఇప్పటికీ జంతికలు పటపటా కొరుకుతుంది. ఆమె బొంత మీద పడుకున్న బిడ్డకి తుమ్మైనా రాదని నర్సీపట్నంలో సగంమంది నమ్మకం.

“నా సీరే కావాలేటమ్మా? ఇంట్లో నీయి లేవేటి?”

“నావి అచ్చిరాలేదు మామ్మగారూ.”

ముసలామె పాతచీర అంచులోంచి దారం లాగి సూదికి ఎక్కిస్తోంది. చెయ్యి ఆపి చూసింది. “ఎవరు కట్టారో గుడ్డకేటి తెలుస్తాదే?”

“అలా అనకండి. ఊరంతా మీ దగ్గరికే వస్తోంది కదా.”

“ఊరికేటి, ఒకరొస్తే పదిమందొస్తారు. సరే, పైన నా సీర ఏస్తాను. మెత్తగా ఉండాలి, అంతే కదా? రా, నువ్వూ ఓ నాలుగు కుట్లెయ్యి.”

లోవలక్ష్మి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. “వద్దు మామ్మగారూ. దానికి నా చెయ్యి తగలకూడదు.”

“ఓసి పిచ్చిమొకమా!” అని నవ్వి, సింహాద్రమ్మ మళ్ళీ సూది అందుకుంది.

నీరుకావి రంగు బొంత వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పాపని బొంత మీద వేసింది, నీళ్ళు పోసే కొండలమ్మ. ఉతికి ఆరేసింది, సత్యశ్రీ. లోవలక్ష్మి బాలింతకి కాయం వండింది, పథ్యం చూసింది, రాత్రుళ్ళు మేలుకుంది. పాపని మాత్రం ఎత్తుకోలేదు.

“మనవరాలంటే కరెంటు తీగనుకున్నావేటే?” అన్నాడు కొండబాబు.

“బాగుంది కదా. బాగుండనీండి.”

నిజంగానే బాగుంది. అయిదో నెలలో బూరెబుగ్గలతో అత్తవారింటికి ఎస్. రాయవరం వెళ్ళింది. వేసవిలో మళ్ళీ వచ్చేసరికి, బొంతని ఈడ్చుకుంటూ ఇల్లంతా పాకేస్తోంది. బొంత లేనిదే నిద్రపోదు. అంతా సింహాద్రమ్మ చలవేనని లోవలక్ష్మి వీధి వీధంతా చెప్పుకుంది.

తిరుగు ప్రయాణం రోజు సత్యశ్రీ పెరట్లోంచి కేకేసింది. “అమ్మా, గుంట గడప దాటేస్తాది. కాస్త ఎత్తుకోవే!”

“మీ నాన్నకియ్యి.”

“నాన్న బస్సు సూసొస్తానని ఎల్లేరు కదా! రేపు అది తనకి అమ్మమ్మే లేదనుకుంటాదే.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయినా లోవలక్ష్మి కదల్లేదు.

పాప గడప దగ్గరికి పాకింది. వెనకాలే వస్తున్న బొంత తలుపు గడియకి తగులుకుంది. పాప లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. పర్రుమని చిరిగింది. పాప వెల్లకిలా పడి, గుక్కపట్టి ఏడుస్తూ అమ్మమ్మ వైపు రెండు చేతులూ చాచింది.

లోవలక్ష్మికి పాప కనబడలేదు. చిరిగిన నీరుకావి చీరే కనబడింది. పాప ఆయుష్షే చిరిగిందనిపించింది. “సత్యా! బేగి రా! బొంత...” అంది. బావి గిలక చప్పుడులో ఆ కేక వినబడలేదు.

ఇక తప్పలేదు. వంగి, మొదటిసారి ఆ బొంతని చేతుల్లోకి తీసుకుంది. చిరుగు అంచులు రెండూ దగ్గరికి చేర్చబోయి, ఆగిపోయింది.

లోపలి చిలకపచ్చ పొర మీద నాలుగు వేళ్ళ జీడిమరక ఉంది.