పలకని పేరు

ప్రియాంక తలుపు గడియ పెట్టింది. క్యాంపస్ వైపు నుంచి పొగ కిటికీ సందుల్లోంచి దూరుతోంది. తార్నాకలోని ఆ సందుకు రెండు కొసల్లోనూ పోలీసు వ్యాన్లు. ఉన్నది ఒక గది, చిన్న వంటిల్లు. వెనక దారి లేదు.

అతను కళ్ళు మండి గోడకు ఆనుకున్నాడు. ఆమె తడి తువ్వాలు ఇచ్చింది. దండెం మీది గళ్ళ చొక్కా ఇచ్చి తొడుక్కోమంది. పెళ్ళయ్యాక హబ్సిగూడలో ఆమె మొదట కొన్నది ఆ చొక్కానే. రెండు నెలలైనా దాన్ని చూస్తే ఆమెకు ఇంకా నవ్వొస్తుంది. ఇవాళ రాలేదు.

“మీరెక్కువ మాట్లాడకండి. పొద్దున మైకులో మీ గొంతు క్యాంపసంతా విన్నది.”

తెలంగాణ ఊరేగింపులో ఉన్నవాళ్ళ పేర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఇంట్లో ఒకరిని లోపల, ఒకరిని గుమ్మంలో నిలబెట్టి, ఒకరి పేరు ఇంకొకరిని అడుగుతున్నారు. చెప్పిన పేర్లు కలవక పక్కింట్లో ఒకడు అప్పుడే దొరికిపోయాడు.

తలుపు దబదబా మోగింది.

కానిస్టేబుల్ ఎంకన్న అతన్ని వంటింట్లోకి రమ్మన్నాడు. అతను గోడ మీది సిలువను ఒకసారి చూసి వెళ్ళాడు. ఎస్సై గది మధ్యలో నిలబడ్డాడు.

“మీ ఆయన పేరేందమ్మా?”

ఆమె బల్ల దగ్గరికి జరిగింది. ఎస్సై చూపు బల్ల మీది కాగితం మీద పడింది.

“గిదేంది? కోడ్ భాషనా?”

“హీబ్రూ అండి. పరీక్షకు చదువుతున్నా.” నాలుగక్షరాల మీద ఆమె వేలు పెట్టింది. “ఇది దేవుని పేరు. రాస్తారు, పలకరు. ఇక్కడికి రాగానే అదోనాయ్ అని చదువుతారు. నా ప్రభువు, నా యజమాని అని.”

“నేనడిగింది దేవుని పేరు కాదు.”

“మా ఇంట్లోనూ అంతేనండి. అమ్మ ఇన్నేళ్ళలో నాన్నగారి పేరు పలకలేదు. నేనూ పలకను.”

ఇంత చదువుకుని ఇదేం పద్ధతని ఎస్సై విసుక్కున్నాడు. పెళ్ళి ఫొటో చూపమన్నాడు. ఆల్బం బాపట్ల స్టూడియో నుంచి ఇంకా రాలేదంది.

వంటింట్లోంచి ఎంకన్న తల బయటపెట్టాడు. “నిజమే సార్. మా ఇంటామె గూడ ముప్పై ఏండ్ల సంది నా పేరు తియ్యలె. నన్ను పిలవాలంటే గిన్నె మీద గరిటెతోని కొడ్తది. ఈయన పేరు శాంతికుమార్ అంట.”

ఎస్సై జాబితా పైనుంచి కిందికి చూశాడు. ఆ పేరు లేదు.

“శాంతికుమారేనా?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని, ఊపీ ఊపనట్టు ఊపింది.

బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది.

ఆమె మళ్ళీ గడియ పెట్టింది. స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి, అతని వైపు తిరిగింది.

“మావారు లాలాగూడ వర్క్‌షాపు నుంచి ఆరింటికి వస్తారు, అప్పటిదాకా కూర్చోండి... ఇంతకీ మీ అసలు పేరేంటి?”