మూడో నంబరు బెడ్డు

“ఈ పిల్ల వద్దు! ఇంకో నర్సును పంపుండ్రి!” కైలాసం మంచం మీంచి లేవబోయాడు. ఛాతీకి అంటించిన వైర్లు వెనక్కి లాగాయి.

“లేవద్దు. పొద్దున్నే గుండెపోటు వచ్చింది మీకు. షుగర్ చూస్తే నాలుగు వందల అరవై,” అంది నర్సు వినోద. “ఇన్సులిన్ ఎక్కిస్తానం. గంటగంటకు చూడాలె. మూడో నంబర్ పేషెంట్, వేలు చూపియ్యుండ్రి.”

మూడో నంబర్! కొత్తవాడలో పక్కింట్లోనే పెరిగిన పిల్ల. ఎదురుపడితే చాలు, “బాగున్నవా కాకా” అనేది. ఇవాళ నంబరు పెట్టి పిలుస్తోంది. అంటే, దీనికి తెలిసిపోయింది!

వేలికి సూది చురుక్కుమంది. వినోద నెత్తుటి బొట్టును చిన్న మిషన్‌కు తాకించి అంకె చూసింది. నవ్వలేదు.

“ఎంతున్నది?”

“మూడు వందల ఎనభై. దిగుతాంది.”

షుగర్ మరీ పడిపోతే మనిషి మాట లేకుండానే పోతాడని ఎవరో అనగా కైలాసం విన్నాడు. పక్కనున్న పంపులోంచి మందు సన్నటి గొట్టం గుండా తన చేతిలోకి ఎక్కుతూనే ఉంది. దాని మీటలన్నీ ఈ పిల్ల చేతిలోనే ఉన్నాయి.

చూడ్డానికి లోపలికి వదిలిన అయిదు నిమిషాల్లో భార్య శ్యామలమ్మ వచ్చి, నుదుట ఆంజనేయస్వామి సిందూరం పెట్టింది.

“నర్సును మార్పియ్యే. అది నన్ను సంపుతది.”

“నీకేమన్న పిచ్చి లేసిందా? మన పండరి బిడ్డ! మగ్గాల షెడ్డుల కరెంటు మంటలు లేసి తండ్రి పోయిన పిల్ల. పొద్దటి సంది కూసోకుంట నీకే చేస్తాంది. ఆ దేవుడే పంపిండు.”

“కాకా అంటలేదు సూడు. నంబర్ పెట్టి పిలుస్తాంది.”

“ఈడ అందర్ని గట్లనే పిలుస్తరట. ఫికర్ చెయ్యకు.”

ఆమె వెళ్లిపోయింది. దేవుడే పంపాడన్న మాట కైలాసాన్ని ఇంకా వణికించింది. ఏ పని మీద పంపాడో!

వినోద మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో పెద్ద సిరంజి. “పంపుల మందు అయిపోవస్తాంది. మారుస్త.”

కైలాసం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “చెప్పుతోని కొట్టు, పడుత. గని గిట్ల సూదిమందుతోని పగ తీర్సుకోకు బిడ్డా!”

“ఏం పగ?”

“తెల్వనట్టు మాట్లాడకు. మీ షెడ్డుకు నిప్పువెట్టింది నేనే. మగ్గాలు కాలితే జంపఖానాల ఆర్డర్లు నాకొస్తయనుకున్న. మీ బాపు లోపట పండుకున్నడని నాకు తెల్వదు. నా పిల్లల మీద ఒట్టు!”

వినోద అతని వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంది. సిరంజిని పంపుకు బిగించింది. డాక్టరు రాసిన కాగితం రెండుసార్లు చదివి, అంతే మోతాదు పెట్టింది. అప్పుడు తలుపు దగ్గరికి పరుగెత్తింది.

“మధు సార్! జర జల్ది రాండ్రి!”

డ్యూటీ డాక్టరు ఉరికి వచ్చాడు. “ఏమైంది? మూడో నంబర్ సీరియస్సా?”

“కాదు సార్. ఈయన సావద్దు. ఎట్లనన్న బతికి, పోలీసుల ముంగట చెప్పాలె. మా బాపును కాలవెట్టిందెవరో నాకిప్పుడే తెల్సింది.”