మోతికి బుద్ధొచ్చింది

దండెం మీది మడిచీర కొంగు నోట కరుచుకుని మోతి వీధిలోకి దూకింది.

"ఓ కమలా! చూస్తవేందే, ఉరుకు!" లోపల్నుంచి అరిచింది అత్త ఆండాళమ్మ.

కమల ఉరికింది. నవ్వు ఆగక పైట నోటికి అడ్డం పెట్టుకుని మరీ ఉరికింది.

కుక్కపిల్ల పుణ్యమా అని గానీ, ఆ ఇంట్లో కొత్త కోడలికి వీధి మొహం చూసే యోగమెక్కడిది?

"నిజాం సర్కారు పోతే పోయింది గని, మా ఇంట్ల పద్ధతి పోలే" అంటుంది అత్త. మొగుడు మల్లికార్జున్ తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాడు.

మిరప బస్తాలకు కాపలా ఉంటుందని మోతిని తెచ్చింది అతనే. అది కాపలా తప్ప అన్నీ చేసింది. చెప్పులు కొరికింది. ముగ్గు మీద పొర్లింది. తలుపు తీయడమే ఆలస్యం, వీధిన పడేది.

"దీనికి ఎంత జెప్పినా బుద్ధి రాదు!" అత్త నెత్తి కొట్టుకునేది.

ఎలా వస్తుంది? సందు మలుపు దాకా పారిపోయిన ప్రతిసారీ దాని నోట్లో బెల్లం ముక్క పెట్టేది కమలే.

మలుపులో మొగిలమ్మ కూరగాయలు అమ్ముతుంది మరి. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దుటి పాసింజర్‌లో వస్తుంది. కమల పుట్టింటి పక్కిల్లే ఆమెది. ఒకసారి పలకరించిపోదామని వస్తే అత్త గుమ్మంలోంచే తరిమింది.

"పుట్టింటి ముచ్చట్లు మోసుకొని మా వాకిట్లకు రాకు!"

ఇవాళ మోతిని చంకలో ఇరికించుకుని, రొప్పుతూ అడిగింది కమల.

"అమ్మకెట్లున్నది అవ్వా?"

"జరం ఇడుస్తలేదు బిడ్డా. నిన్నే కలవరిస్తాంది. దవాఖానకు తీస్కపోతాండ్రు. ఎట్లున్నదో నేనొచ్చి చెప్త, ఫికర్ జేయకు."

అమ్మను చూసొస్తానని అత్తను అడగనే అడిగింది కమల. "జరమొస్తే కోడండ్లను తోలుతరా ఎక్కడన్న?" అంది అత్త.

చిరిగిన మడిచీర చూసి, ఆ సాయంత్రమే మల్లికార్జున్ గొలుసు తెచ్చాడు. బెత్తం కూడా.

తలుపు తెరిచేవాడు. మోతి గడప మీద కాలు పెట్టగానే బెత్తం పడేది. మళ్ళీ తెరిచేవాడు.

"కొట్టకుంటే ఎట్ల నేరుస్తది?" అనేవాడు.

వంటింట్లో కమల చెవులు మూసుకుని ఏడ్చేది.

రోజూ పాసింజర్ కూసేది. ఆ వెనకే మలుపులోంచి మొగిలమ్మ కేక. "వంకాయలో... బీరకాయలో..."

కొన్నాళ్ళకు గొలుసు విప్పారు.

ఆ పొద్దున పాసింజర్ కూసింది. మొగిలమ్మ కేక వినపడలేదు.

మొగుడు మిరప కొట్టుకు వెళ్ళాడు. అత్త పూజలో ఉంది. కమల గడియ తీసి తలుపు బార్లా తెరిచింది.

మలుపులో మొగిలమ్మ నిలబడి ఉంది. నెత్తిన గంప లేదు. వట్టి చేతులతో వచ్చి, ఇటే చూస్తోంది.

కమల గబగబా కొంగుముడి విప్పింది. బెల్లం ముక్కను గడప అవతలికి విసిరింది.

"నీ కాల్మొక్త మోతీ, జర ఉరుకు!"

మోతి బెల్లాన్ని చూసింది. తోక ముడుచుకుని గడపకు ఇవతలే కూలబడింది.

కమల దాన్ని రెండు చేతులతో తోసింది. అది వణుకుతూ వెనక్కి వచ్చి, ఆమె పాదాల మీద తల పెట్టింది.

మొగిలమ్మ చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ స్టేషన్ వైపు మళ్ళింది.

"అమ్మయ్య! ఆఖరికి బుద్ధొచ్చిందే దీనికి" పూజ ముగించుకుని వచ్చిన అత్త వెనక నుంచి మెచ్చుకుంది. అంటూనే ప్రసాదం తెస్తానని లోపలికి వెళ్ళింది.

తలుపు ఇంకా తెరిచే ఉంది. అడ్డంగా ఎవరూ లేరు.

కమల ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు మూసి, తనే గడియ పెట్టింది.