మునీర్ నిలదీత

"రొయ్యల గుంటలు తవ్వి మా బోరునీళ్లన్నీ ఉప్పు చేసినావే అని నిలదీస్తా, చూడు!" అని దారంతా భార్య జబీనాకు చెబుతూనే వచ్చాడు దర్జీ మునీర్.

గ్రామసభలో ఆ గుంటల యజమాని అయిన సర్పంచి తలెత్తి చూశాడు. "ఏం మునీరూ, ఏందో అడగాలన్నావంట?"

మునీర్ లేచి చేతులు కట్టుకున్నాడు. "ఏం లేదు సార్... నేను కుట్టిన చొక్కా కుదిరిందా అని."

సభంతా నవ్వింది. అతను కూలబడ్డాడు.

జబీనా లేచి, బోరునీళ్ల సీసా సర్పంచి ముందు పెట్టింది. "ఒక్క గుక్క తాగండన్నా. మా పిల్లోళ్లు రోజూ తాగేది ఇదే."

సర్పంచి సీసాను ముట్టుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి. "ఎవరీమె?" అని గద్దించాడు.

తెలియదంటే సరిపోతుందని మునీర్‌కు ఒక్క క్షణం అనిపించింది. అయినా లేచి నిలబడ్డాడు.

"మా ఇంటామె సార్."

ఇంటినుంచి మోసుకొచ్చిన ధైర్యంలో చివరికి మిగిలింది ఆ ఒక్క మాటే.