టేపు కనబడితే వాయించను

“ఎంత గట్టిగ అరిచినా లాభం లేదు ముత్యాలూ. ఆయనకు ఇనబడదు. చెప్పేదేందో దీని మీద రాయి” అంటూ ఆంథోని భార్య సంపూర్ణ ఒక పలకా, సుద్దముక్కా చేతిలో పెట్టింది.

ముత్యాలు తొమ్మిదేళ్లుగా మింగలేక కక్కలేక దాచుకున్న మాటను ఆంథోని చెవిన వేసి, కాళ్ల మీద పడి, క్షమించమందామని బస్సులో ఒళ్లు హూనం చేసుకుని పెనుబల్లి వచ్చాడు. తీరా వస్తే ఆ చెవులే పనిచేయడం లేదు.

“ఎప్పట్నుంచి వదినా?”

“భద్రాచలంల నువ్వు మైకు పెట్టిన ప్రోగ్రాం లేదా, ఎనభై నాలుగుల? దానికి మూణ్ణెల్ల ముందే డాక్టరు చెప్పిండు, ఏడాది తిరిగేలోపు మొత్తం పోతయని. ఎవ్వరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుండు.”

భద్రాచలం పేరు వినగానే ముత్యాలు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. క్యాసెట్ అక్కడే ఉంది.

వాకిట్లో ఆంథోని కుర్చీకి నైలాన్ వైరు అల్లుతున్నాడు. ముత్యాలును చూసి తలూపి, మళ్లీ పనిలో పడ్డాడు. ఒక్కో వైరూ లాగి కట్టాక వేలితో మీటి, అది అదురుతుంటే చూసి తృప్తిపడుతున్నాడు.

ఆ వేళ్లే ఒకప్పుడు గిటారు మీద ఆడేవి. అందరిలా కాదు. తీగల మధ్య స్పూన్లు దోపేవాడు, ఎద్దు మెడగంటతో గీకేవాడు, గిటారును స్పీకరు పెట్టెకు ఆనించి అది కుయ్యోమని కూస్తుంటే కళ్లు మూసుకుని నవ్వేవాడు. ఇదేంది అంటే రాక్ అనేవాడు. మొదటిసారి విన్నవాళ్లు జనరేటరు చెడిపోయిందనుకునేవాళ్లు. రెండోసారి విన్నవాళ్లు మాత్రం కూర్చున్న చోటు నుంచి లేచేవాళ్లు కాదు. పిచ్చోడే, కానీ అబ్బ, ఏం పిచ్చి! స్టేజీ ఎక్కగానే ఒకటే మాట చెప్పేవాడు: “టేపు కనబడితే వాయించను. ఇది ఈ గాలికే.” ఒకసారి పాల్వంచలో ఎవడో ఒళ్లో టేపురికార్డరు పెట్టుకుంటే, పాట మధ్యలో దిగి వెళ్లిపోయాడు కూడా.

అదంతా తెలిసే ముత్యాలు ఆ పని చేశాడు. అంత వాయింపూ గోదావరి గాలిలో కలిసిపోతుంటే అతని ప్రాణం ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఇసుక తిన్నె మీద స్టేజీ. యాంప్లిఫయరు వెనక టేపురికార్డరు పెట్టి, తువ్వాల కప్పి, సన్నని వైరు కలిపాడు. ఆంథోని వచ్చి యాంప్లిఫయరు దగ్గర వంగాడు. తువ్వాల వైపు చూశాడు.

“నీ వాచీ ఇయ్యిరా” అన్నాడు ఆంథోని, అంతే.

బతుకులో టైము పట్టించుకోని మనిషి! ఇంటికి పోయే ఆఖరి బస్సు అందుకోవాలేమో అనుకున్నాడు ముత్యాలు. ఆంథోని ఆ వాచీని కళ్లెదుట పెట్టుకుని మొదలుపెట్టాడు.

అరగంటకు క్యాసెట్ ఒక వైపు అయిపోవచ్చింది. తిప్పాలంటే వాయింపు పోతుంది, మీట నొక్కితే టక్కుమంటుంది. సరిగ్గా అప్పుడే ఆంథోని ఆపేశాడు. తీగ వదులైందని చెప్పి, తాపీగా బిగించుకుంటూ, నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. జనం ఈలలు వేశారు. ఆ గోలలో ముత్యాలు క్యాసెట్ తిప్పేసి, దేవుడున్నాడు అనుకున్నాడు. దొంగపనికి దేవుడు తోడట!

ప్రోగ్రాం అయ్యాక ఆంథోని ముఖమైనా చూడకుండా వాచీ తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

తన కోసమే దాచుకుందామనుకున్నాడు ముత్యాలు. ఒక దోస్తు బతిమాలితే కాపీ ఇచ్చాడు. వాడు ఇంకొకడికి ఇచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి కొత్తగూడెం నుంచి ఖమ్మం దాకా ప్రతి టీ కొట్టులోనూ అదే మోగుతోంది. ఆ తర్వాత సత్తుపల్లిలో ప్రోగ్రాం. జనం ఒకటే అరుపులు.

“టేపుల ఉన్నట్టు వాయించు! గట్లనే కావాలె!”

ఆంథోని రెండుసార్లు ప్రయత్నించాడు. చేతకాలేదు. గిటారును పెట్టెలో పెట్టి స్టేజీ దిగాడు, మళ్లీ ఎక్కలేదు. ఆ రోజు కూడా మైకు దగ్గర ఉన్నది ముత్యాలే. అప్పటి నుంచి ఎక్కడ ఆ టేపు వినబడినా ముత్యాలు టీ సగంలో వదిలేసి లేచిపోతాడు.

ఇప్పుడు సుద్దముక్క పట్టుకుని ఆంథోని ఎదుట కూర్చున్నాడు. పలకేమో చిన్నది, రాయాల్సిన పాపం పెద్దది.

‘అన్నా, ఆ రోజు దొంగతనంగ రికార్డు చేసింది నేనే.’

ఆంథోని చదివాడు. ముత్యాలు అరచేత్తో తుడిచి మళ్లీ రాశాడు.

‘నీ మాట కాదని ఊరూరికీ పంచింది నేనే.’

మళ్లీ తుడిచాడు.

‘నువ్వు గిటారు వదిలింది నా వల్లనే. నన్ను తిట్టన్నా, కొట్టన్నా.’

ఆ మాట మీద కన్నీటి చుక్క పడి అక్షరాలు చెదిరాయి. ఇంకేం రాయాలో తోచక, జేబులోంచి క్యాసెట్ తీసి పలక మీద పెట్టాడు.

“ఏం రాసిండయ్యా? గట్ల ఏడుస్తుండేంది?” అని సంపూర్ణ కంగారుగా భర్త భుజం కుదిపింది.

ఆంథోని క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత చెవులు వినబడని మనుషులు మాట్లాడినట్టే, వీధంతా వినబడేలా అడిగాడు.

“సరిగ్గ అరగంటకు ఆపిన గదరా, క్యాసెట్ తిప్పుకున్నవా మరి?”